హార్న్ ఊపిరి తీసుకున్న చోట

రాబర్ట్‌సన్‌పేట బజారులో మా ధాన్యం మండీ పైన ఒక గది ఉంది. సినిమా ట్రైలర్లకు నేను సంగీతం కట్టేది ఆ గదిలోనే. కింద రాగుల మూటలు దిగుతుంటాయి, పైన నేను నలభై వయొలిన్లు మోగిస్తుంటాను. నలభై అనేది ఉత్తమాటే లెండి, ఒక్కటి కూడా నా గదిలో లేదు. ఎవరో ఏ దేశంలోనో కూర్చుని ఒక్కో స్వరం వాయించి, రికార్డు చేసి అమ్ముతారు. వాటిని కంప్యూటర్‌లోకి తెచ్చుకుని, కీబోర్డు మీద నొక్కి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, పెద్ద ఆర్కెస్ట్రా కూర్చుని వాయించినట్టు జనాన్ని నమ్మించడం నా విద్య. బజారు గోల లోపలికి రాకుండా గోడల నిండా ఖాళీ గోనెసంచులు కొట్టించాను. వాటిలో కొన్ని ఎండుమిరపకాయలు మోసినవని తర్వాత తెలిసింది. ఎండలు ముదిరితే చాలు, ఇక తుమ్ములే తుమ్ములు.

నాయనకు నా పని ఏమిటో ఇప్పటికీ అంతుపట్టలేదు. పైన డోళ్ళు, ట్రంపెట్లు ఒక్కసారిగా విరుచుకుపడితే కింద తూకం దగ్గర ఉన్న గిరాకీ ఉలిక్కిపడేవాడు. "ఏం లేదప్పా, పైన మావాడు యుద్ధం చేస్తా ఉండాడు. నువ్వు మూట పట్టు" అనేవాడు నాయన. యుద్ధమనే మాటలో అబద్ధమేమీ లేదు.

సినిమా ఎలాంటిదైనా ట్రైలర్ నడక ఒక్కటే. మొదట పియానో మీద నాలుగు చినుకులు. తర్వాత కింది తీగల్లో గురగుర. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పైకి. ఇంకా పైకి. గుండె గొంతులోకి వచ్చేసరికి టక్కున అంతా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో హీరో ఒక మాట అంటాడు. వెంటనే ఆర్కెస్ట్రా మొత్తం నెత్తిన పడుతుంది. ఇంతే. ఈ 'ఇంతే' ఒక పట్టాన కుదరదు. ఒకసారి కట్టడం కాదు, కట్టినదాన్ని బాగుచేయడం, బాగుచేసినదాన్ని మళ్ళీ బాగుచేయడం, అదీ అసలు పని. నా కంప్యూటర్‌లో ఫైళ్ళ పేర్లు 'ఫైనల్', 'నిజం ఫైనల్', 'ఒట్టు ఫైనల్' అని ఉంటాయి.

ఈ పనులు నాకు తెచ్చేది మా బావ. మా అక్క మొగుడు. బెంగళూరులో ఒక సౌండ్ స్టూడియోలో మిక్సింగ్ చేస్తాడు. సినిమావాళ్ళు అతనికి తెలుసు, అతనికి నేను తెలుసు. నేను కట్టి పంపుతాను, డైరెక్టరు వింటాడు, ఆయన అన్నదాన్ని బావ నాకు చేరవేస్తాడు. "బామ్మర్దీ, ఇంగ రవ్వంత లావు గావాలంట." లావు అంటే నేను కింద ట్రాంబోన్లు, డబుల్ బేస్‌లు పోసేవాణ్ణి. "కారం చాల్లేదంట." కారం అంటే వయొలిన్లను వణికించేవాణ్ణి. బావకు స్వరలిపి చదవడం రాదు. కానీ చెవి ఉంది, నోరు అంతకన్నా ఉంది. ఇద్దరం కలిస్తే ఒక మనిషిలా పనిచేసేవాళ్ళం. ట్రైలర్ కింద పేరు మాత్రం బావదే పడేది. సినిమావాళ్ళకు తెలిసిన పేరు అది కదా అనుకుని నేనెప్పుడూ పేచీ పెట్టలేదు. అక్క ఇంటి పేరు పైకొస్తే నాకేం నష్టం?

నాకున్న కోరిక వేరు. నేను రాసింది మనుషులు వాయిస్తే వినాలి. స్కూల్లో ఉన్నప్పుడు చర్చి క్వాయర్‌లో నాకు స్వరలిపి నేర్పారు. కోమట్ల పిల్లవాడికి క్వాయర్ ఏమిటని మా వీధి వీధంతా నవ్వింది. అప్పట్నుంచీ కాగితాల మీద రాస్తూనే ఉన్నాను, కంప్యూటర్‌లో మోగిస్తూనే ఉన్నాను. కానీ నిజంగా ఒక మనిషి కమాను పట్టుకుని, నా కాగితం ముందు పెట్టుకుని, నా గీత వాయించడం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ గదిలో ఒక మూల నిలబడితే చాలు. కుర్చీ కూడా అక్కర్లేదు. ఈ మాట బావతో ఎన్నిసార్లు అన్నానో. "నిన్ను పిల్చుకోకుండా పోతానా? నువ్వు ల్యాకుండా ఆ కాగితాలు ఎవురికి అర్థమవుతాయిరా?" అనేవాడు. అక్క కూడా పక్కనుంచి, "ఆ రోజు నేనూ వస్తాను, నువ్వు మా తమ్ముడని అందురికీ చెప్పుకుంటాను" అనేది.

ఆ రోజు రానే వచ్చింది. పెద్ద సినిమా. గుర్రాలు, కోటలు, మంచు కొండలు. ట్రైలర్‌కు కంప్యూటర్ సంగీతం వద్దు, చెన్నైలో అసలు ఆర్కెస్ట్రాతో రికార్డు చేద్దామని ప్రొడ్యూసరు ఒప్పుకున్నాడు. బావ ఫోన్‌లో ఈ సంగతి చెప్పగానే నేను గదిలోంచి కిందికి పరిగెత్తి, ఎవరికి చెప్పాలో తెలియక, పప్పు కొనడానికి వచ్చిన ఒక ముసలాయనకు చెప్పాను. "సంతోషమప్పా. కందిపప్పు కొత్తదేనా?" అన్నాడాయన.

ఆ నెలంతా నాకు తిండి ధ్యాస లేదు. ట్రైలర్ చివర్లో, అన్నీ పైకెక్కే చోట, ఊది వాయించే ఫ్రెంచి హార్న్‌కు ఒక పొడుగాటి స్వరం రాశాను. కింద వయొలిన్లు మెట్లెక్కుతుంటాయి, ప్రతి మెట్టు దగ్గరా రంగు మారుతుంటుంది, హార్న్ మాత్రం కదలదు. అదే స్వరం మీద కొండలా నిలబడి ఉంటుంది. డైరెక్టరు ఈ ఒక్కచోట లావూ అడగలేదు, కారమూ అడగలేదు. "దీన్ని ముట్టుకోవద్దన్నాడప్పా" అని బావ చెప్పినప్పుడు నేను గదిలో ఒక్కణ్ణే ఉండి కూడా సిగ్గుపడ్డాను. ఒక్కో వాద్యానికి విడివిడిగా కాగితాలు తీసి జిరాక్స్ చేయించి, పేజీ తిప్పేటప్పుడు చప్పుడు రాకుండా అట్టలకు అంటించి, బావకు పంపాను. చెన్నైకి టికెట్ తీసుకున్నాను. అమ్మ నా తెల్లచొక్కాకు గంజి పెట్టింది.

రికార్డింగుకు రెండు రోజుల ముందు బావ ఫోన్ చేశాడు. "తప్పుగా అనుకోవద్దు బామ్మర్దీ. ఆ వయొలిన్‌వాళ్ళకి వేరే పని పడిందంట. రికార్డింగు వచ్చే నెలకి పోయింది. టికెట్ క్యాన్సిల్ చేసేయ్."

బేజారు పడ్డాను, అంతే. సినిమా పనుల్లో తేదీలు జరగడం మామూలే. ఆ మరుసటి రోజు సాయంత్రం అక్క బెంగళూరు నుంచి ఒక్కతే దిగింది. "నువ్వు సప్పగైపోయింటావని వచ్చినాను. పొద్దున్నే కురుడుమలెకి పోదాం రా. వినాయకునికి చెప్పుకోకుండా పని పెట్టుకున్నారు, అందుకే అడ్డం తగిలింది" అంది.

మా వైపు ఇది ఉన్నదే. కొట్టు తెరిచినా, బోరు వేసినా, టమాటా నారు పోసినా ముందు కురుడుమలె వినాయకుడికి ఒక మాట చెప్పుకోవాలి. నేనే మరిచిపోయానని నాలుక కరుచుకున్నాను. పొద్దున్నే మండీ వ్యాను తీశాను. బేతమంగళ మీదుగా ముళబాగిలు దాకా అక్క ఒక్క మాట మాట్లాడలేదు. ముళబాగిలులో దోసె తిందామంటే ఉపవాసమంది. నేను మాత్రం రెండు తిన్నాను. నా కోసం అక్క ఉపవాసం ఉందని ఆ దోసెలు ఇంకా రుచిగా అనిపించాయి కూడా.

గుళ్ళో ఆ పెద్ద వినాయకుడి ముందు నిలబడి, "స్వామీ, వచ్చే నెలన్నా నన్ను ఆ గదిలో నిలబెట్టు" అని గట్టిగానే మొక్కాను. అర్చన ఎవరి పేరున అని పూజారి అడిగితే అక్క బావ పేరు, గోత్రం చెప్పింది. పని బావ ద్వారానే కదా రావాలి, సరిగ్గానే చెప్పిందనుకున్నాను. కొబ్బరికాయ నా చేత కొట్టించింది. రెండుగా సమంగా పగిలింది. "చూడు, ఎట్ల పగిలిందో! మన పని అయినట్టే" అన్నాను. అక్క తల ఊపింది. నువ్వు ప్రదక్షిణాలు చేసిరా, నాకు కాళ్ళు లాగుతున్నాయని కూర్చుంది. నేను తృప్తిగా తిరిగాను. ఒళ్ళంతా తేలికగా ఉంది. ఆ రోజు నాకున్నంత సంతోషం ఈ మధ్య కాలంలో నాకెప్పుడూ లేదు, ఇది చెప్పుకోవడానికే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కాఫీకని కిందికి దిగాను. రాగిముద్దల మెస్సు నడిపే ఆమె ఒకరు మా దగ్గరే పిండి కొంటారు. తూకం అయ్యేదాకా బల్ల మీద కూర్చుని ఫోన్ చూస్తున్నారు. ఆ ఫోన్‌లోంచి పియానో వినిపించింది. నాలుగు చినుకులు. నావి.

ముందు సంతోషించాను. రికార్డింగ్ ఆలస్యమైందని నా కంప్యూటర్ ట్రాకునే పెట్టి ట్రైలర్ వదిలేశారు కాబోలు అనుకున్నాను. ఆమె వెనక నిలబడి మెడ చాచి చూశాను. గుర్రాలు, కోటలు. వయొలిన్లు మెట్లెక్కాయి. హార్న్ వచ్చింది. నా పొడుగాటి స్వరం. కొండలా నిలబడింది. నిలబడి, నిలబడి, మధ్యలో ఒక్కచోట తెగింది. చిన్నగా, సూదిమొన అంత. తెగి మళ్ళీ అందుకుంది.

పక్కనున్న మూట మీద కూర్చుండిపోయాను. కంప్యూటర్‌లోని హార్న్‌కు ఊపిరితిత్తులుండవు. నొక్కి పట్టుకుంటే సాయంత్రం దాకా మోగుతుంది. ఆ స్వరాన్ని ఏ మనిషీ ఒక్క ఊపిరితో పట్టలేడన్న సంగతి నాకు తట్టనే లేదు. నిజమైన వాద్యగాడితో ఒక్క రోజు కూర్చున్నవాడైనా ఈ తప్పు చేయడు. గోనెసంచుల మధ్య కూర్చుని కొండలు కట్టే నాలాంటివాడే చేస్తాడు. ఆ ఫోన్‌లో తెగినచోట ఒక మనిషి ఊపిరి తీసుకున్నాడు. హుఫ్ మని లోపలికి లాగిన గాలి కూడా వినిపించింది. అంటే ఆ గది నిండా మనుషులున్నారు. నా కాగితాలు వాళ్ళ ముందున్నాయి. రికార్డింగ్ అయిపోయింది, నేను లేకుండా.

"ఏమప్పా, అట్లైపోయినావు? ఇది నీదేనా ఏం?" అన్నారు మెస్సు ఆమె.

"కాదమ్మా" అన్నాను. ట్రైలర్ కింద బావ పేరే ఉంది మరి.

పైకి వెళ్ళి బావకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. ఎత్తుతూనే, "చూసినావా? అదిరిపోయింది గదా!" అన్నాడు. సిగ్గూ శరం ఉన్న గొంతేనా అది!

"రికార్డింగు ఎప్పుడు చేసినారు బావా?"

"అది... సడన్‌గా కుదిరిందప్పా. చెప్పేకి టైమ్ యాడుండాది?"

"నేనేమన్నా చంద్రమండలంలో ఉండానా? ఒక్క ఫోన్ చేసింటే దొరికిన బండి పట్టుకోని వచ్చిందును గదా!"

"వచ్చి ఏం చేస్తావురా? ఆడ డైరెక్టరు, ప్రొడ్యూసరు అందురూ ఉండారు. నువ్వు మూలన నిలబడుకోని కండ్లల్లో నీళ్ళు పెట్టుకుంటే, ఎవురు వీడు అని అడగరా? నేనేమని చెప్పేది?"

"రాసినోడని చెప్పు."

"నీకిప్పుడు కోపంగా ఉండాది. తర్వాత మాట్లాడతాను" అని పెట్టేశాడు.

ఆ కోపం మామూలు కోపం కాదు. కీబోర్డు ఎత్తి కిటికీలోంచి బజారులో పారేద్దామనిపించింది. ఇన్నేళ్ళు 'లావు' అంటే లావు పోశాను, 'కారం' అంటే కారం పోశాను. పేరు తీసుకో, ఊరేగు, నాకేం. ఒక మూల నిలబడనివ్వడానికి నీ సొమ్మేం పోయింది? డైరెక్టరు ముట్టుకోవద్దన్న స్వరాన్ని ఎక్కడ తెంపాలో నన్ను అడిగి ఉంటే, అలా నడిమధ్యన తెంపనిచ్చేవాణ్ణా? వయొలిన్లు మెట్టు మారే చోట ఊపిరి తీసుకోమని చెప్పేవాణ్ణి, ఎవరికీ తెలిసేది కాదు. హార్న్ ఊదేవాళ్ళు ఇంకొకళ్ళు కూడా ఉంటే ఒకరు ఆపిన చోట ఒకరు అందుకునేవారు. ఆ తప్పు దిద్దుకునే హక్కు కూడా నాకు లేకుండా చేశాడు.

మరునాడు పొద్దున బెంగళూరు రైలెక్కాను. దారంతా నా దిగులు అక్క గురించే. పిచ్చిది, ఉపవాసాలుండి మొక్కుకుంది. మొగుడు ఇలాంటి పని చేశాడని ఎలా చెప్పాలి? చెబితే వాళ్ళిద్దరి మధ్య గొడవ అవుతుందేమో, బావ ఇంట్లో లేని సమయం చూసి నెమ్మదిగా చెప్పాలి అని లెక్కలు వేసుకున్నాను. బంగారపేట దాటేసరికి బావను క్షమించేయడానికి కూడా సగం సిద్ధపడ్డాను, అక్క ముఖం చూసి.

తలుపు తీసింది అక్క. ఇంత పొద్దున్నే ఎందుకొచ్చావని అడగలేదు. అమ్మ ఎలా ఉందని అడగలేదు. "కూర్చో, ఉప్పిట్టు చేస్తాను" అని వంటింట్లోకి పోయింది. బావ స్టూడియోకు వెళ్ళినట్టున్నాడు. నేను వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"ట్రైలర్ వచ్చింది, చూసినావా అక్కా?"

"ఊఁ."

"నిజం వయొలిన్లు అక్కా. రికార్డింగు చేసేసినారు. నాకు చెప్పలేదు బావ. నీక్కూడా చెప్పలేదా?"

ఆమె ఉల్లిపాయ తరుగుతూనే ఉంది. తరిగినదాన్నే మళ్ళీ తరుగుతోంది.

"అక్కా, ఎప్పుడు చేసినారు?"

"మనం కురుడుమలెకి పోయిన రోజు" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. నా చేత కొబ్బరికాయ కొట్టిస్తున్న వేళకు చెన్నైలో నా కాగితాలు స్టాండ్ల మీదికి ఎక్కేశాయి. దారి పొడుగునా ఆమె మాట్లాడకపోవడం, ఉపవాసం, కాళ్ళ నొప్పి, ఒక్కొక్కటీ వచ్చి నా ముఖాన కొట్టింది. బావ మోసం చేస్తే అల్లుడి బుద్ధి అనుకుని ఏడ్చి ఊరుకోవచ్చు. ఇది నా అక్క. చిన్నప్పుడు క్వాయర్‌కు వెళ్తే నాయన కొడతాడని, ట్యూషన్ అని అబద్ధం చెప్పి నన్ను పంపిన మనిషి.

"ఎట్లన్నా తెలిసి చెన్నైకి వచ్చేస్తావేమోనని, నిన్ను ఆ ఒక్క దినం ఊర్లో ఆపమన్నాడు మీ బావ" అంది, నా వైపు చూడకుండా. "స్టూడియోలో ఆయన్ని తీసేస్తారని ఒకటే మాట నడస్తా ఉండాది. ఆ డైరెక్టరు నీతో ఒక్కసారి మాట్లాడినాడంటే ఇంగ మీ బావతో ఏం పని వాళ్ళకి? నేనేం చేసేది చెప్పు? నేను పిలిస్తే నువ్వు యాడికైనా వస్తావు గదా. అందుకే నన్నే పంపినాడు."

"దేవుని దగ్గరికి పిల్చుకుపోయినావు గదక్కా. సినిమాకి పోదాం అనింటే కూడా వచ్చిందును."

"సుమ్నే ఉండు, ఆ మాట అనొద్దు. నేనూ ఉత్తగా పోలేదు. నిజంగానే మొక్కినాను, బాగా రావాలని." కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్లో, నా వల్లో, నాకు చూడాలనిపించలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసి, అందులో ఒక వీడియో వెతికి నా ముందు పెట్టింది. "ఆయన పంపినాడు. నువ్వూ చూడు."

చూశాను. వెడల్పాటి గది. వరసగా కుర్చీలు. నల్ల చొక్కాల మనుషులు, తెల్లజుట్టు ఆవిడొకరు, కళ్ళజోడు పెట్టుకున్న హార్న్ ఆయన. స్టాండ్ల మీద నా అట్టలు. అమ్మ దగ్గర తీసుకున్న పాత క్యాలెండర్ అట్టలు, వెనక వైపు దేవుడి బొమ్మలు కూడా కనిపిస్తున్నాయి. అద్దం వెనక బావ, చెయ్యి ఊపుతున్నాడు. వాళ్ళు వాయించడం మొదలుపెట్టక ముందే నేను వీడియో ఆపేశాను.

"ఇది ఎప్పుడొచ్చింది నీకు?"

"ఆ రోజే. గుళ్ళో ఉండంగానే వచ్చింది."

"అప్పుడే విన్నావా?"

"ఊఁ. నువ్వు ప్రదక్షిణాలు చేస్తా ఉంటివి. చెవుల్లో పెట్టుకోని విన్నాను."

నాకు ఆమెను తిట్టాలని ఉంది. లేచి వెళ్ళిపోవాలని ఉంది. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరే మాట. నా కుటుంబంలో దాన్ని విన్న మొదటి మనిషి ఆమె, అడక్కుండా ఉండలేకపోయాను.

"ఎట్లుండింది?"

అప్పుడు నిజంగా ఏడ్చింది అక్క. "ఒళ్ళు జలదరించిందిరా. అంతమంది మనుషులు నువ్వు రాసింది వాయిస్తా ఉంటే... వెంటనే నీకు చెప్పల్ల అనిపించింది. నువ్వు పక్కనుండింటే బాగుండు అనిపించింది."

"పక్కనే ఉంటిని గదక్కా" అన్నాను.